విశాఖపట్నంలో తక్కువ అద్దె లాడ్జిలో బస: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నానికి పని మీదో, ఆసుపత్రికో, పరీక్షకో, సరదాగా నాలుగు రోజులు గడపడానికో వచ్చే బంధుమిత్రులు ఫోను చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఖరీదైన హోటళ్లలో దిగేవారికి ఈ పేజీతో అవసరం ఉండదు. రోజుకు కొన్ని వందల నుంచి రెండు వేల రూపాయల లోపు అద్దెతో, శుభ్రమైన గదిలో గొడవ లేకుండా ఉండి వెళ్లాలనుకునేవారి కోసం ఇది రాశాను.

ఏ ప్రాంతంలో గది తీసుకోవాలి?

అద్దె సంగతి తరువాత చూడవచ్చు, ముందుగా తేల్చుకోవలసింది ఇదే. విశాఖ ఒక పక్క కొండలకూ మరో పక్క సముద్రానికీ మధ్య పొడవుగా సాగిన నగరం. గాజువాకలో గది తీసుకుని రుషికొండలో తిరగాలనుకుంటే అద్దెలో మిగిలిన డబ్బు ఆటోలకే పోతుంది, దానితోపాటు రోజులో రెండు మూడు గంటలూ పోతాయి.

తక్కువ అద్దె లాడ్జిలు ఎక్కువగా ఉండేది రైల్వేస్టేషను, ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల. డాబాగార్డెన్స్, సూర్యాబాగ్, ద్వారకానగర్, అల్లిపురం పేర్లు మీకు పదే పదే వినిపిస్తాయి. మొదటిసారి వచ్చేవారికి నేను చెప్పేది డాబాగార్డెన్స్ లేదా కాంప్లెక్స్ పరిసరాలే. అక్కడి నుంచి స్టేషనుకూ, బీచ్‌కూ, నగరంలోని ఏ మూలకైనా బస్సు, షేర్ ఆటో దొరుకుతాయి, రాత్రి పది దాటినా రోడ్డు మీద జనం ఉంటారు, టిఫిన్ సెంటర్లూ మందుల దుకాణాలూ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటాయి. బస్టాండు అధికారిక పేరు ద్వారకా బస్ స్టేషన్ అయినా ఆటో ఎక్కినప్పుడు మాత్రం ‘కాంప్లెక్స్’ అనే చెప్పండి, ఊళ్లో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు.

స్టేషనుకు ఆనుకుని ఉన్న వీధుల్లో, ముఖ్యంగా జ్ఞానాపురం వైపు, అద్దెలు ఇంకొంచెం తగ్గుతాయి. కానీ పోర్టు దగ్గర కావడం వల్ల ఆ వైపు బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి ఎక్కువ. కిటికీ తెరిచి పడుకుంటే ఉదయానికి గట్టు మీద వేలు పెట్టి గీసినప్పుడు నల్లటి గీత పడుతుంది. ఒక్క రాత్రికి పరవాలేదు గాని, ఉబ్బసం ఉన్నవారితోనూ చిన్నపిల్లలతోనూ వచ్చేవారు ఆ వైపు తీసుకోకపోవడమే మంచిది.

సముద్రం కనిపించే గదికి ఎక్కువ అద్దె పెట్టడం దండగేనా?

తక్కువ అద్దె తరగతిలో అయితే చాలావరకు దండగే. ‘సీ వ్యూ’ అన్న మాటకు ఈ తరగతి లాడ్జిలు ఇచ్చే అర్థం చాలా విశాలమైనది. రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి తల బయటికి పెడితే కనిపించే నీలిరంగు ముక్క కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పైగా బీచ్‌కు దగ్గరయ్యే కొద్దీ ఉప్పుగాలి వల్ల తలుపు గడియలు, కుళాయిలు, ఏసీ పెట్టెలు తొందరగా తుప్పు పడతాయి. కొత్త హోటలు వాటిని మార్చుకుంటుంది, తక్కువ అద్దె లాడ్జి మాత్రం రంగు వేసి సరిపెడుతుంది. జగదాంబ దగ్గర ఉండి, తెల్లవారుజామున పది నిమిషాల ఆటో ప్రయాణంతో ఆర్కే బీచ్‌కు వెళ్లి సూర్యోదయం చూసి రావడం ఎన్నో విధాల లాభం. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు గాని అందులో అస్తమించడు. పశ్చిమ తీరం అలవాటున్నవారు కొందరు సాయంత్రం కోసం గది కిటికీ దగ్గర ఎదురుచూస్తుంటారు, అందుకే ఈ మాట చెప్పవలసి వస్తోంది.

‘24 గంటల చెక్‌అవుట్’, ‘మధ్యాహ్నం 12 గంటల చెక్‌అవుట్’ అంటే తేడా ఏమిటి?

లాడ్జి కౌంటరు దగ్గర జరిగే తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం మీదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

24 గంటల పద్ధతిలో మీరు రిజిస్టరులో సంతకం పెట్టిన గడియ నుంచి లెక్క మొదలవుతుంది. ఉదయం ఆరింటికి దిగితే మరునాడు ఉదయం ఆరింటి వరకు ఒక రోజు. 12 గంటల పద్ధతిలో మీరు ఎప్పుడు దిగినా లెక్క మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికే. ఈ రెండో పద్ధతిలో తెల్లవారుజామున దిగినవారికి ఆ కొద్ది గంటలకే ఒక రోజు అద్దె, లేదా సగం అద్దె పడవచ్చు.

హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవారిని తీసుకుందాం. ఆ రైలు తెల్లవారుజామునే విశాఖ చేరుతుంది, తిరుగు రైలు సాయంత్రం బయలుదేరుతుంది. ఉదయం దిగి, మరునాడు సాయంత్రం అదే రైలుకు వెళ్లిపోవాలనుకునే కుటుంబం 12 గంటల పద్ధతి ఉన్న చోట దిగితే ముందు వైపున ఆరేడు గంటలు, వెనక వైపున నాలుగైదు గంటలు లెక్కకు బయట పడతాయి. మా బంధువుల కుటుంబం ఒకటి ఇలాగే పొద్దున్నే దిగి, ఒక్క రాత్రి పడుకుని, మూడు రోజుల అద్దె కట్టి వెళ్లింది. వారిని ఎవరూ మోసం చేయలేదు, నిబంధన గోడ మీద రాసే ఉంది, ఆ వేళ నిద్ర కళ్లతో ఎవరూ దాన్ని చదవలేదు.

24 గంటల పద్ధతి ఉన్న లాడ్జి అయితే వారు రెండు రోజుల అద్దెతో బయటపడేవారు. మరునాడు ఉదయమే గది ఖాళీ చేసి, సామాను రిసెప్షన్లో పెట్టి తిరగడానికి వెళ్లి ఉంటే ఒక్క రోజు అద్దెతోనే పని జరిగేది. చాలా లాడ్జిలు ఖాళీ చేసిన రోజు సాయంత్రం వరకు సామాను ఉచితంగానే ఉంచుకుంటాయి. ఒప్పుకోని చోట రైల్వేస్టేషను క్లోక్‌రూమ్ ఉంది, అయితే అక్కడ పెట్టే సంచులకు తాళం ఉండాలి, వెంట రైలు టికెట్ ఉండాలి. 24 గంటల పద్ధతిలో కూడా గంట ఆలస్యమైతే ఎంత తీసుకుంటారో ముందే అడగండి. కొందరు గంట వరకు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, కొందరు పావుగంట దాటగానే సగం రోజు వేస్తారు.

మా రైలు టికెట్ మీద దువ్వాడ అని ఉంది. అది విశాఖేనా?

నగరానికి నైరుతి దిక్కున ఉన్న స్టేషను అది, విశాఖ ప్రధాన స్టేషనుకు సుమారు ఇరవై కిలోమీటర్లు. ప్రధాన స్టేషనుకు వెళ్లిన హౌరా–చెన్నై మార్గపు రైళ్లు ఇంజను మార్చుకుని వెనక్కి తిరగవలసి ఉంటుంది గనుక కొన్ని రైళ్లు లోపలికి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. అర్ధరాత్రి అక్కడ దిగేటట్టయితే ఆ రాత్రికి గాజువాక, కూర్మన్నపాలెం వైపు గది చూసుకోవడం తెలివైన పని.

ఏ గుర్తింపు కార్డులు అడుగుతారు?

గదిలో ఉండబోయే పెద్దవాళ్లందరివీ అడుగుతారు, ఒక్కరిది చూపిస్తే సరిపోదు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు చెల్లుతాయి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి సాధారణంగా తీసుకోరు. ఆధార్ జిరాక్స్ ఇవ్వడం ఇష్టం లేనివారు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ (UIDAI) వెబ్‌సైటు నుంచి తీసుకుని ప్రింటు తెచ్చుకోవచ్చు. మామూలు జిరాక్స్ ఇవ్వవలసి వస్తే దాని మీద తేదీ, ‘లాడ్జి బస కోసం మాత్రమే’ అన్న మాట రాసి సంతకం పెట్టి ఇవ్వండి. కౌంటరులో కుర్రవాడు వింతగా చూసినా కాదనడు.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు, అంటే అమెరికా, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుని సొంత ఊరు చూడటానికి వచ్చే మన తెలుగువారు కూడా, గది బుక్ చేసే ముందే లాడ్జికి ఫోను చేసి ఆ సంగతి చెప్పాలి. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు వారి వివరాలను లాడ్జి యాజమాన్యం ఆన్‌లైన్లో సమర్పించాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు, పేరూ రూపమూ ఎంత తెలుగైనా, గది ఇవ్వవు.

విశాఖ చిరునామా ఉన్న ఆధార్‌తో విశాఖలోనే గది ఇస్తారా?

చాలాచోట్ల ఇవ్వరు. ‘లోకల్ ఐడీకి రూము లేదండీ’ అన్న మాట మీకు వినిపిస్తుంది. ఇది చట్టం కాదు, లాడ్జిలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నవారు, పెళ్లికి వచ్చిన చుట్టాలకు గదులు తీసుకునే స్థానికులు దీనివల్ల ఇబ్బంది పడుతుంటారు. ముందే స్వయంగా వెళ్లి మేనేజరుతో మాట్లాడుకోవడం ఒక్కటే దారి. పెళ్లి పత్రిక చూపిస్తే మెత్తబడేవారు ఉన్నారు.

పెళ్లి కాని జంటకు గది ఇవ్వకూడదని చట్టం ఉందా?

లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరు ఒకే గదిలో ఉండకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. కానీ ఎవరికి గది ఇవ్వాలన్నది తమ ఇష్టమని చాలా లాడ్జిలు భావిస్తాయి, రాత్రిపూట కౌంటరు ముందు నిలబడి చట్టం మాట్లాడితే గది దొరకదు. జంటలకు ఇస్తామని బుకింగ్ యాప్‌లో స్పష్టంగా రాసిన చోటనే తీసుకోండి.

ఒంటరిగా వచ్చే మహిళలు ఏం చూసుకోవాలి?

కాంప్లెక్స్, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ వంటి జనసంచారం ఉన్న చోట, కుటుంబాలు దిగే లాడ్జి తీసుకోండి. మెట్ల దగ్గర పిల్లల చెప్పులు, బాల్కనీల్లో ఆరేసిన చీరలు కనిపిస్తే అది కుటుంబాలు దిగే చోటే. ఇది నా సొంత కొలత, ఇంతవరకు తప్పలేదు. కింద బారు ఉన్న భవనాన్ని వదిలేయండి. గదిలోకి వెళ్లగానే లోపలి గడియ గట్టిగా పడుతోందో లేదో చూడండి. తుప్పు పట్టి సగంలో ఆగిపోయే గడియలు ఇక్కడ మామూలే, అలాంటిది కనిపిస్తే మొహమాటం లేకుండా వేరే గది అడగండి. గది నంబరును కౌంటరు దగ్గర అందరికీ వినపడేలా చెబితే అది కూడా మార్చమని అడగవచ్చు. అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181.

చెప్పిన అద్దెకూ బిల్లుకూ తేడా ఎందుకు వస్తుంది?

మొదటి కారణం జీఎస్టీ. వెయ్యి రూపాయల లోపు గదులకు పన్ను లేదన్న పాత మాట 2022 జూలై 18తో పోయింది. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై 12 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. 1,200 రూపాయల గదికి పన్నుతో 1,260 అవుతుంది, అంతకు మించి ‘ట్యాక్స్’ అంటే లెక్క అడగండి. పన్ను వసూలు చేసే లాడ్జి ఇచ్చే బిల్లు మీద పదిహేను అక్షరాలూ అంకెలూ కలిసిన జీఎస్టీ నంబరు ఉండాలి. ఆ నంబరు లేని చీటీ మీద పన్ను వేస్తే అది ప్రభుత్వానికి చేరే డబ్బు కాదు.

రెండో కారణం మూడో మనిషి. డబుల్ రూము అద్దె ఇద్దరికే. అదనంగా ఒక పరుపు, దుప్పటి ఇచ్చినందుకు విడిగా తీసుకుంటారు, ఎన్నేళ్ల లోపు పిల్లలకు తీసుకోరన్నది ఒక్కో లాడ్జిలో ఒక్కో విధంగా ఉంటుంది. మూడోది అడ్వాన్సు. అద్దె కంటే కొంత ఎక్కువ కట్టించుకుని వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తారు. ఆ రసీదు పోగొట్టుకోకండి, తెల్లవారుజామున వెళ్లేవారు ముందు రాత్రే లెక్క తేల్చుకోండి. నాలుగింటికి కౌంటరు వెనక చాప వేసుకుని పడుకున్న మనిషి దగ్గర చిల్లర ఉండదు.

యాప్‌లో బుక్ చేసుకుని వెళ్తే గది లేదంటున్నారు. ఏం చేయాలి?

రద్దీ రోజుల్లో ఇది జరుగుతుంది. యాప్ ధర తమకు గిట్టదనో, అంతకన్నా ఎక్కువ ఇచ్చేవారు వచ్చారనో గది లేదంటారు. బుకింగ్ మీరే రద్దు చేసుకోమంటే ఒప్పుకోకండి, మీరు రద్దు చేస్తే తప్పు మీదవుతుంది. అక్కడి నుంచే యాప్ సహాయ కేంద్రానికి ఫోను చేసి, గది నిరాకరించారని నమోదు చేయించి, వేరే గది గాని పూర్తి డబ్బు గాని అడగండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అసలు బుక్ చేసిన రోజునే లాడ్జికి నేరుగా ఫోను చేసి, పేరు చెప్పి ఖరారు చేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

స్టేషను బయట ‘మంచి రూము చూపిస్తాను’ అనే ఆటో వెంట మాత్రం వెళ్లవద్దు. ఆటోవాడి కమీషను ఎక్కడికీ పోదు, మీ అద్దెలోనే ఉంటుంది.

డబ్బు కట్టే ముందు గదిలో ఏమేం చూడాలి?

గది చూపించమని అడగడం తప్పు కాదు, చూపించనంటే అక్కడ దిగకపోవడమే మేలు. ముందు బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి, బకెట్ సగం నిండే వరకు ఆగండి. నీళ్ల ధార ఎలా ఉందో, నీళ్లు ఉప్పగా ఉన్నాయో, నేల మీద పడిన నీరు ఎంతసేపట్లో పోతోందో ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. గీజరు స్విచ్ వేసి ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూడండి. వేడినీళ్లు కొన్నిచోట్ల ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకే ఇస్తారు.

తరువాత దుప్పటి ఎత్తి పరుపు కుట్ల వెంబడి, మంచం తలవైపు చెక్క సందుల్లో ఫోను లైటు వేసి చూడండి. నల్లులు ఉంటే చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. గోడల మీద చెమ్మ మరకలు ఈ ఊళ్లో దాదాపు ప్రతి పాత భవనంలోనూ ఉంటాయి కాబట్టి వాటికి బెదరనవసరం లేదు గాని, ముక్కుకు బూజు వాసన తగిలితే పై అంతస్తులో అడగండి. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడవదు, ఫ్యానూ లైటూ మాత్రమే. లిఫ్టు నడుస్తుందో లేదో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వచ్చినవారు అడిగి తెలుసుకోవాలి.

ఏసీ గది అవసరమా?

ఏప్రిల్ నుంచి జూన్ వరకు అవసరమే. విశాఖలో ఉష్ణోగ్రత విజయవాడ అంత ఉండకపోయినా గాలిలో తేమ వల్ల ఉక్కపోత ప్రాణం తీస్తుంది, ఉతికిన బట్టలు మరునాటికీ ఆరవు. నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి వరకు ఫ్యాను చాలు. మిగతా నెలల్లో కిటికీకి ఎదురుగా ఇంకో గోడ లేని నాన్ ఏసీ గది దొరికితే అదే తీసుకోండి.

కేజీహెచ్‌కు రోగితో వస్తున్నాం. ఎక్కడ దిగాలి?

1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఉత్తరాంధ్ర జిల్లాలతోపాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కూడా రోగులు వస్తారు. దానికి ఆనుకుని ఉన్న మహారాణిపేటలోనూ, నడిచి వెళ్లగల జగదాంబ వైపూ చిన్న లాడ్జిలు ఉన్నాయి. వారం పైగా ఉండవలసి వస్తే రోజు అద్దె కాకుండా వారం అద్దె మాట్లాడుకోండి, ఆసుపత్రి ఓపీ చీటీ చూపిస్తే చాలామంది తగ్గిస్తారు. వంట చేసుకోనిచ్చే గదులు కావాలంటే లాడ్జిలు వదిలి, ఆ వీధుల్లో ‘టు లెట్’ బోర్డులున్న ఇళ్లలో అడగాలి.

అన్ని ఆసుపత్రులూ కేజీహెచ్ దగ్గరే ఉంటాయనుకోకండి. హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది, అక్కడికి వెళ్లేవారు గాజువాక, కూర్మన్నపాలెం వైపు దిగాలి. విమ్స్, హెల్త్ సిటీ ఆసుపత్రులకు వచ్చేవారికి హనుమంతవాక, మద్దిలపాలెం దగ్గర.

పరీక్ష రాయడానికి వచ్చే అభ్యర్థులకు?

హాల్ టికెట్ మీద ‘విశాఖపట్నం’ అని చూసి స్టేషను దగ్గర గది తీసుకోవద్దు. ఆన్‌లైన్ పరీక్షా కేంద్రాలు చాలా వరకు నగర శివార్లలో ఉంటాయి. కేంద్రం చిరునామా చూసి దానికి దగ్గర జంక్షన్లో గది వెతకండి. ఇద్దరు ముగ్గురు కలిసి గది పంచుకుంటే తలా కొంచెం ఖర్చుతో పోతుంది.

ఏ రోజుల్లో గదులు దొరకవు?

సింహాచలం అప్పన్న చందనోత్సవం, అంటే వైశాఖ శుద్ధ తదియ. స్వామి నిజరూప దర్శనం ఏడాదిలో ఆ ఒక్క రోజే కాబట్టి ముందు రాత్రికి ఊళ్లో గది దొరకడం కష్టం. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరి ప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్ల దారి పొడవునా జనం నడుస్తారు. ఆ దారి హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా నగరాన్ని చుట్టి వస్తుంది. ఆ రోజు గది దొరికినా గదికి చేరడమే పని, ఆటోలు ఎక్కడికక్కడ ఆగిపోతాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చేవారితో పాత నగరం వైపు రద్దీగా ఉంటుంది. దసరా సెలవుల్లో బెంగాల్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి, బీచ్ దగ్గరి హోటళ్ల ముందు బెంగాలీ బోర్డులు అందుకే. డిసెంబరు, జనవరి నెలలు మొత్తం గిరాకీయే.

అరకు వెళ్లేవారు ముందు రాత్రి ఎక్కడ ఉండాలి?

అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ఉదయం ఏడింటిలోపే కదులుతుంది గనుక స్టేషనుకు దగ్గరలోనే. తిరిగి వచ్చేసరికి రాత్రవుతుంది, ఆ రోజు కూడా గది ఉంచుకోవలసి వస్తుందన్నది లెక్కలో వేసుకోండి.

రైల్వే విశ్రాంతి గదులు మేలా?

దొరికితే మేలు. ఖరారైన టికెట్ గాని ఆర్‌ఏసీ గాని ఉన్నవారు పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో బుక్ చేసుకోవచ్చు. డార్మిటరీలో ఒక్క మంచం కూడా తీసుకోవచ్చు. స్నానం చేసి నాలుగు గంటలు నడుం వాల్చడానికి దీన్ని మించిన చౌక ఏర్పాటు లేదు. వేళకు ఖాళీ దొరకదన్నదే దానితో చిక్కు.

బీచ్‌లో స్నానం చేసి వస్తే లాడ్జివాళ్లు గొడవ పెడతారా?

తడి బట్టలతో, ఒంటినిండా ఇసుకతో వస్తే పెడతారు, అందులో న్యాయం ఉంది. ఇసుక బాత్‌రూమ్ తూముల్లో పేరుకుంటే తీయడానికి మనిషిని పిలవాలి. బయట కుళాయి ఎక్కడుందో అడిగి, కాళ్లు కడుక్కుని పైకి వెళ్లండి. ఆర్కే బీచ్‌లో మాత్రం మోకాలు లోతు దాటి దిగవద్దు. అక్కడి అలలు వెనక్కి లాగే తీరు పైకి కనిపించదు, ఈత వచ్చినవారు కూడా కొట్టుకుపోయారు.

గదిలో వస్తువు మరిచిపోయి వచ్చేశాం. తిరిగి దొరుకుతుందా?

ఫోను చార్జర్లూ తువ్వాళ్లూ అయితే ఆశ వదులుకోవచ్చు. విలువైనదైతే వెంటనే ఫోను చేసి గది నంబరు, ఖాళీ చేసిన వేళ చెప్పండి, ఆ గది ఊడ్చకముందే చెప్పగలిగితే సాధారణంగా దొరుకుతుంది. ఫోను నంబరు రసీదు మీద ఉంటుంది, అది ఫోటో తీసి ఉంచుకోండి. ఊరికి పంపించమంటే చాలా లాడ్జిలు కాంప్లెక్స్‌లోని ఆర్టీసీ కార్గో కౌంటరులో వేసి రసీదు ఫోటో పంపుతాయి, కార్గో ఖర్చుతోపాటు తీసుకువెళ్లిన కుర్రవాడికి టీ డబ్బులు మీరు ఫోన్‌పేలో పంపాలి.